నందివర్ధనం కింద పిట్టపిల్ల

ఆదివారం, మే 11. కడప.

పొద్దున ఆరున్నరకు పూజకు పూలు కోద్దామని నందివర్ధనం కొమ్మ వంచబోతుంటే, కాలి పక్కన ఎండుటాకులు కదిలాయి. తొండ అనుకున్నాను. కాదు, పిట్టపిల్ల. గుప్పిట్లో పట్టేంత ఉంది. మట్టిరంగు ఒళ్ళు, పొట్టి తోక, నోటికి రెండు మూలలా పసుపుపచ్చటి అంచు. ఎగరలేదు, గెంతుకుంటూ చెట్టు మొదలు వెనక్కి వెళ్ళి నక్కింది.

నాకు వెంటనే చిన్నప్పటి గోరింక పిల్ల గుర్తుకొచ్చింది. అప్పుడు నాకు పదేళ్ళు. దానికి ఇంకా ఈకలే రాలేదు. చెప్పుల డబ్బాలో పాత చీర ముక్క పరిచి, ఇంకు పోసే గొట్టంతో రాత్రంతా పాలు పట్టాను. తెల్లవారేసరికి చచ్చిపోయింది. పక్షులకు పాలు అరగవని, వాటికి నాలుక మొదట్లోనే ఊపిరిగొట్టం తెరుచుకుని ఉంటుందని, నోట్లో పోసిన నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని చాలా ఏళ్ళ తరువాత చదివాను. చదివిన రోజు మళ్ళీ ఏడ్చాను.

అందుకే ఈ రోజు అమ్మ గిన్నెలో నీళ్ళు, దూదిపత్తితో వస్తుంటే ఎదురెళ్ళి ఆపాను.

పక్కింటి పిల్లవాడు గోడ ఎక్కి చూస్తున్నాడు. "పిన్నీ, అది కలివికోడి పిల్లా?" అని అడిగాడు. బడిలో చెప్పారట. వాడి కళ్ళలో వెలుగు చూస్తే కాదనడానికి మనసు రాలేదు. 1900 తరువాత ఎవరికీ కనిపించక, ఇక లేదనుకున్న ఆ పక్షి 1986లో మళ్ళీ కనబడింది మన జిల్లాలోనే కదా, వాడు ఆశపడటంలో తప్పేముంది? కానీ కలివికోడికి పొడవాటి కాళ్ళు, అది లంకమల చిట్టడవిలో రాత్రిపూట నేల మీద తిరుగుతుంది. ఎర్రముక్కపల్లెలో మా పెరట్లోకి ఎందుకు వస్తుంది!

ఇది ఎవరి పిల్లో దాని తల్లిదండ్రులే చెప్పాయి. కరెంటు తీగ మీద రెండు పిట్టలు వాలి ఒకటే అరుపు. నల్లటి తల మీద చిన్న జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ. పిగిలిపిట్టలు. వంగి చూస్తే పిల్లకూ తోక కింద లేత నారింజ రంగు కనిపించింది.

వేలు అందిస్తే కాళ్ళతో గట్టిగా పట్టుకుంది. ఒంటినిండా ఈకలున్నాయి. అంటే గూట్లోంచి పడిపోయింది కాదు, తనంతట తానే దిగింది. పిగిలిపిట్ట పిల్లలు తోక పూర్తిగా పెరగకముందే, పుట్టిన రెండు వారాలలోపే గూడు వదిలేస్తాయి. ఆ తరువాత కొన్నాళ్ళు కొమ్మల్లో, పొదల్లో కూర్చోబెట్టి తల్లీ తండ్రీ మేపుతాయి. ఆ గోరింక పిల్లలా ఈకలు లేనిదైతే, గూడు వెతికి అందులో పెట్టేదాన్ని.

"మనిషి చెయ్యి తగిలితే తల్లి ఇక దగ్గరికి రాదే" అంది అమ్మ. చిన్నప్పటి నుంచి నేనూ అదే విన్నాను. కానీ పక్షులు పిల్లను గుర్తుపట్టేది గొంతుతో, చూపుతో. మన చేతి వాసనకు అవి పిల్లను వదులుకోవు.

అయినా అక్కడే వదిలేయలేను. వెనక వీధి పిల్లి రోజూ ఆ దారినే వస్తుంది, తొమ్మిది దాటితే ఆ చోట ఎండ నిప్పులు చెరుగుతుంది. రెండు చేతులతో ఎత్తి, నందివర్ధనంలోనే నా భుజమెత్తు కొమ్మ మీద, ఆకులు దట్టంగా ఉన్న చోట కూర్చోబెట్టాను. వేళ్ళకు దాని గుండె దడ తగిలింది. వెంటనే ఇంట్లోకి వచ్చేశాను.

కిటికీ వెనక నిలబడిన ఆ అరగంట ఎంత పొడుగ్గా గడిచిందో! రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. చివరికి తల్లో తండ్రో తెలియదు, నోట పచ్చ పురుగుతో కొమ్మలోకి దూరింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. మధ్యాహ్నం లోపు పదకొండు సార్లు వచ్చాయి, లెక్కపెట్టాను.

పిల్లవాడు పంజరం తెస్తానన్నాడు. మన అడవి పిట్టలను పట్టి పెంచకూడదని 1972 నుంచి చట్టమే ఉందని చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. "మరి పిల్లి వస్తే?" అని అడిగాను. ఏమీ మాట్లాడకుండా కర్ర తెచ్చుకుని, సాయంత్రం దాకా గోడ మీదే కాపలా కూర్చున్నాడు. వాళ్ళమ్మ పిలిచినా అన్నానికి దిగలేదు. ఇక్కడి నుంచే ముద్దలు అందించాను.

చీకటి పడ్డాక అరుపులు ఆగాయి. ఉందో లేదో టార్చి వేసి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. నిద్రపోయే పిల్లను బెదరగొట్టడం ఎందుకని టార్చిని అమ్మ దిండు కింద పెట్టేశాను. రేపు పూలు వీధిచివర బండి దగ్గర కొనాలి.