టూ పెయిర్‌కు ఒకటే ఇచ్చే యంత్రం: ఒక పే టేబుల్‌ను లెక్కగట్టిన నా అనుభవం

నేను లాస్ వేగాస్‌లో ఉంటాను. నాకు సంభావ్యత లెక్కల మీద ఉన్న ఇష్టం తెలిసిన ఒక తెలుగు మిత్రుడు తాను చూసిన వీడియో పోకర్ యంత్రం పే టేబుల్‌ను కాగితం మీద రాసుకొచ్చి, “అన్నా, ఇందులో టూ పెయిర్‌కు ఒకటే ఇస్తున్నారు, కానీ స్ట్రెయిట్‌కూ ఫ్లష్‌కూ ఫుల్ హౌస్‌కూ తలా ఎనిమిది. ఇది ఆడదగ్గదేనా?” అని అడిగాడు. పే టేబుల్ అంటే ఏ కలయికకు ఎన్ని నాణేలు వస్తాయో చెప్పే పట్టిక. వీడియో పోకర్‌లో యంత్రం అయిదు ముక్కలు పంచుతుంది; కావలసినవి ఉంచుకొని మిగిలినవి ఒక్కసారి మార్చుకున్నాక చేతిలో ఏ కలయిక (దాన్నే ‘చేయి’ అంటారు) ఉందో దాన్నిబట్టి డబ్బు వస్తుంది. మిత్రుడు తెచ్చింది ఆల్ అమెరికన్ అనే ఆట పట్టిక. అయిదు నాణేలు కాసినప్పుడు నాణేనికి రాయల్ ఫ్లష్‌కు (ఒకే రంగులో, అంటే ఇస్పేటు, ఆటీను వంటి ఒకే గుర్తులో, 10 నుంచి ఆసు వరకు) 800, స్ట్రెయిట్ ఫ్లష్‌కు (ఒకే రంగులో వరుసగా అయిదు) 200, ఫోర్ ఆఫ్ ఎ కైండ్‌కు (ఒకే సంఖ్యవి నాలుగు) 30, స్ట్రెయిట్ (వరుసగా అయిదు), ఫ్లష్ (ఒకే రంగువి అయిదు), ఫుల్ హౌస్ (ఒకే సంఖ్యవి మూడు, మరో సంఖ్యవి రెండు) అనే వాటికి పైన చెప్పిన మూడు ఎనిమిదులు, త్రీ ఆఫ్ ఎ కైండ్‌కు (ఒకే సంఖ్యవి మూడు) 3, టూ పెయిర్‌కు (రెండు జతలు) 1, జాకీ లేదా అంతకంటే పెద్ద ముక్క జతపడితే 1 వస్తాయి.

స్లాట్ యంత్రం గురించి అడిగి ఉంటే నేను చెప్పగలిగేది ఏమీ ఉండేది కాదు, ఎందుకంటే దానిలో ఏ బొమ్మ ఎంత తరచుగా పడుతుందో ఆడేవారికి కనబడదు. అయితే పేకముక్కలు చూపించే యంత్రంలో ప్రతి ముక్కా నిజమైన 52 ముక్కల పేకలో ఉండే సంభావ్యతతోనే రావాలని నెవాడా నిబంధనలు చెబుతున్నాయి కనుక, పే టేబుల్ చేతిలో ఉంటే యంత్రం దీర్ఘకాలపు సగటు రాబడిని ఎవరైనా లెక్కగట్టవచ్చు.

మొదట నేను దగ్గరి దారిలో వెళ్ళాను. ఫుల్ హౌస్‌కు 9, ఫ్లష్‌కు 6 ఇచ్చే జాక్స్ ఆర్ బెటర్ అనే మరో వీడియో పోకర్ ఆట రాబడి (కాసినదానిలో సగటున తిరిగి వచ్చేది), తప్పు లేకుండా ఆడితే, 99.54 శాతం. ఆ ఆటలో ఏ చేయి ఎంత తరచుగా వస్తుందో నా దగ్గర ఉన్నందున, రెండు పట్టికల తేడాను వరుసవారీగా గుణించాను. టూ పెయిర్ 12.93 శాతం సార్లు వస్తుంది కాబట్టి అక్కడ ఒక్క నాణెం తగ్గించినందుకే 12.93 శాతం పోయింది. స్ట్రెయిట్‌కు నాలుగు నాణేలు పెరిగినందుకు దాదాపు 4.5 శాతం తిరిగి వచ్చింది. మిగిలిన వరుసలన్నీ కలిపితే మొత్తం 95 శాతం దగ్గర తేలింది. “వద్దు” అని సందేశం రాసి, పంపబోతూ ఆగిపోయాను. నేను గుణించినవి వేరే ఆట ఆడే పద్ధతిలో వచ్చిన సంఖ్యలు. చెల్లింపు మారితే ఏ ముక్కలు ఉంచుకోవాలో మారుతుంది, దానితో ఏ చేయి ఎంత తరచుగా వస్తుందో కూడా మారుతుంది.

ఆ అనుమానం నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక్క చేతిని కాగితం మీద పెట్టుకున్నాను: ఇస్పేటు రాజు, ఆటీను రాజు, ఇస్పేటులోనే 4, 7, 9. జాక్స్ ఆర్ బెటర్‌లో రాజుల జతను ఉంచుకుంటే సగటున 1.537 వస్తుంది, నాలుగు ఇస్పేట్లను ఉంచుకుంటే 1.191 మాత్రమే వస్తుంది, కాబట్టి అక్కడ ఆలోచించవలసిన పని లేదు. మిత్రుడి పట్టికలో జత విలువ 1.380కి పడిపోయింది. నాలుగు ఇస్పేట్లు ఉంచుకుంటేనో, మిగిలిన 47 ముక్కల్లో తొమ్మిది ఇస్పేట్లకు ఎనిమిదేసి, ఇంకా మిగిలిన రెండు రాజులకు ఒక్కొక్కటి, వెరసి 74ను 47తో భాగిస్తే 1.574. చేతికి వచ్చిన రాజుల జతను విడగొట్టడమే సరైన ఆట అన్నమాట! ఇది చూశాక పూర్తి లెక్క చేయక తప్పదనిపించింది.

అయిదు ముక్కల చేతులు మొత్తం 25,98,960. ఒక్కో చేతిలో ఏవి ఉంచుకోవాలన్నదానికి 32 దారులున్నాయి. రంగులు తారుమారైనా విలువ మారని చేతులను ఒకటిగా కలిపేస్తే 1,34,459 మిగులుతాయి. వాటిని కూడా నేరుగా లెక్కిస్తే దాదాపు 35 వేల కోట్ల ఫలితాలను పరిశీలించాలి. అందుకని, ఉంచుకున్న ముక్కలు కలిగిన చేతుల సంఖ్య నుంచి, వదిలేసిన ముక్కలు కూడా కలిసి ఉన్నవాటిని తీసివేసే పద్ధతిని వాడాను.

ముందు జాక్స్ ఆర్ బెటర్ మీద ప్రోగ్రాంను నడిపి చూస్తే, మొదటిసారి నాకు తెలిసిన 99.54 రాలేదు, అంతకంటే తక్కువ వచ్చింది. ఆ సాయంత్రమంతా ముక్కలు తీసివేసే భాగంలోనే తప్పు వెతికాను. చివరికి, మార్పిడి సంగతి పక్కన పెట్టి, పంచినప్పుడే వచ్చే చేతులను రకాలవారీగా లెక్కపెట్టించాను. స్ట్రెయిట్లు 10,200 ఉండవలసిన చోట 9,180, రాయల్ కాని స్ట్రెయిట్ ఫ్లష్‌లు 36 ఉండవలసిన చోట 32 ఉన్నాయి. 1,020, 4 అన్న ఆ తేడాలు చూడగానే విషయం అర్థమైంది: ఆసును రాజు పైన మాత్రమే పెట్టాను, ఆసు-2-3-4-5 వరుసను మరిచిపోయాను. అది సరిచేశాక 99.5439 వచ్చింది. ఇలాంటి లెక్కకు పూనుకునేవారు రాబడి కంటే ముందు ఈ చేతుల సంఖ్యలను సరిచూసుకోవాలని గట్టిగా చెబుతాను.

మిత్రుడి పట్టికకు వచ్చిన రాబడి 98.49 శాతం. ఫోర్ ఆఫ్ ఎ కైండ్‌కు 35 ఇస్తే 99.60, 40 ఇస్తే 100.72. పాతిక సెంట్ల నాణేలు అయిదేసి చొప్పున గంటకు 600 చేతులు ఆడితే కాసేది 750 డాలర్లు. జాక్స్ ఆర్ బెటర్ అలవాటుతోనే ఆడేవారికి అందులో సగటున 37 డాలర్లకు పైగా పోతాయి, ఈ పట్టికకు తగ్గట్టు ఆడేవారికి పదకొండు డాలర్ల పైచిలుకు పోతాయి. యంత్రం ఒకటే, ముక్కలూ ఒకటే. “ఎలా ఆడినా పోయేదే, కాకపోతే నువ్వు భయపడినంత కాదు తమ్ముడూ” అని అతనికి చెప్పాను.

అతను ఆడే పద్ధతిని ఒక చీటీ మీద రాసిమ్మన్నాడు. అది రాస్తున్నప్పుడే ఈ లెక్క మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన చేయి ఎదురైంది: కళావరు 5, డైమండ్ 6, ఆటీను 8, ఇస్పేటు 9, కళావరు 9. తొమ్మిదుల జతను ఉంచుకోవాలా, మధ్యలో 7 కోసం 5-6-8-9 ఉంచుకోవాలా? స్ట్రెయిట్ వైపు విలువ ఎప్పుడూ 32/47, అంటే 0.6809. జత విలువ మాత్రం ఫోర్ ఆఫ్ ఎ కైండ్ వరుసను బట్టి కదులుతుంది: 40 ఉంటే 0.6953, 35 ఉంటే 0.6814, 30 ఉంటే 0.6675. అంటే 35 దగ్గర జత వెంట్రుకవాసిలో గెలుస్తుంది, 30 దగ్గర ఓడిపోతుంది. అందుకే చీటీలో ఆ ఒక్క వరుసను ఎర్ర సిరాతో రాసి, పక్కన “నాలుగింటికి 30 ఇచ్చే యంత్రం మీద మాత్రమే” అని చేర్చి ఇచ్చాను.