అరుగు ఉన్న బాత్‌హౌస్

"స్నానాల గది గీయడానికి కెనడా దాకా వెళ్ళాలట్రా?" అంది అమ్మ. ఆర్కిటెక్చర్ థీసిస్ దేని మీద అని అడిగితే నేను సగమే చెప్పాను మరి. మిగతా సగం ఏమిటంటే, టొరంటోలో చర్చ్ స్ట్రీట్ దగ్గర, ఇప్పుడు కార్లు ఆపుకునే ఓ ఖాళీ జాగాలో, గే మగవాళ్ళూ క్వియర్ ఆడవాళ్ళూ ట్రాన్స్ వాళ్ళూ వచ్చే బాత్‌హౌస్ డిజైన్ చేస్తున్నాను. ఆవిరి గది, వేడినీళ్ళ తొట్టి, తలుపు వేసుకోడానికి చిన్న చిన్న గదులు. అవును, వచ్చేవాళ్ళు స్నానానికి మాత్రమే రారు, ఒకరికొకరు దగ్గరవడానికీ వస్తారు. ఆ మాట దాచేట్టయితే ఇంక థీసిస్ ఎందుకు?

పాత బాత్‌హౌస్‌లు చాలావరకు దాక్కునే కట్టారు. బోర్డు మీద హెల్త్ క్లబ్ అనో స్పా అనో ఉంటుంది, లోపల ఎక్కడా కిటికీ ఉండదు. దాక్కుంటే వదిలేశారా అంటే అదీ లేదు. 1981 ఫిబ్రవరి 5 రాత్రి టొరంటో పోలీసులు ఒకేసారి నాలుగు బాత్‌హౌస్‌ల మీద పడి, గునపాలూ సమ్మెటలతో తలుపులు బద్దలుకొట్టి, దాదాపు 300 మందిని పట్టుకెళ్ళారు. దానికి పెట్టిన పేరు ఆపరేషన్ సోప్. ఎంత వెటకారమో చూడండి. మర్నాడు రాత్రి వేలమంది రోడ్డెక్కారు. పోలీస్ చీఫ్ విచారం వెలిబుచ్చింది 2016లో. అప్పుడు వాడిన 'బాడీ హౌస్' (bawdy house) సెక్షన్లు, అంటే వ్యభిచార గృహాల మీద ఉన్న పాత చట్టం, 2019లో గానీ పోలేదు. స్వలింగ సంబంధాల్ని నేరమన్న సెక్షన్ 377 కోరలు మన సుప్రీంకోర్టు పీకింది 2018లో, గుర్తుందిగా.

న్యూయార్క్‌లో ఎవరార్డ్ బాత్స్ అని ఒకటుండేది. 1977లో అగ్నిప్రమాదం జరిగి తొమ్మిది మంది పోయారు. ఆ సంగతి చదివిన రాత్రి నా ప్లాన్‌లో కిటికీ లేని కారిడార్లన్నీ కొట్టేశాను.

కొట్టేసి ఏం చేశానంటే, కుర్రతనం కదా, ముందు గోడ మొత్తం అద్దం పెట్టేశాను. సిగ్గుపడాల్సిందేమీ లేదు, అందరూ చూడండి అన్నట్టు. కాలేజీలో డిజైన్ రివ్యూలో మెచ్చుకున్నారు కూడా. తర్వాత ఆ దాడుల కాలం చూసిన ఓ పెద్దాయనకి కాఫీ షాపులో డ్రాయింగులు చూపించాను. చాలాసేపు చూసి, "ఈ అద్దంలోంచి నన్ను ఎవరు చూడాలని నీ ఉద్దేశం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు ఇంటికొస్తూ ఉంటే 2016 కృష్ణా పుష్కరాలు గుర్తొచ్చాయి. బెజవాడలో ఘాట్ల మీద ఎంత జనమో, అందరూ అందరి ముందే మునిగారు, ఎవరూ సిగ్గుపడలేదు. తీరా బట్టలు మార్చుకునేటప్పుడు మాత్రం మా పిన్ని అమ్మని చీర అడ్డం పట్టుకోమంది. సిగ్గు వేరు, చాటు వేరు. నేను సిగ్గు తీసేస్తున్నాననుకుని చాటు కూడా పీకేశాను.

అద్దం తీసేశాను. ఇటుక గోడే, కాకపోతే పైనుంచి పగటి వెలుతురు దిగుతుంది. తలుపు మాత్రం సందులోకి పోలేదు, వీధి మీదే ఉంది. తలుపు పక్కన మనూళ్ళో ఇళ్ళకున్నట్టు అరుగు కట్టాను, మోకాలెత్తు, వీధి పొడుగునా. మొదటిసారి వచ్చినవాడు తిన్నగా లోపలికి నడిచేయలేడు, గుండె దడదడలాడుతుంది. ఆ అరుగు మీద కాసేపు కూర్చోవచ్చు. పక్కన బస్సు కోసం చూసేవాళ్ళూ, సంచులు దింపుకుని ఆయాసం తీర్చుకునే ముసలివాళ్ళూ ఉంటారు, ఎవరు ఎందుకు కూర్చున్నారో ఎవరికీ తెలీదు. లోపలికెళ్ళాక దారి రెండు మలుపులు తిరుగుతుంది, తలుపు తెరుచుకున్నా వీధిలోంచి చూపు పారదు. 2000లో ఇదే ఊళ్ళో ఆడవాళ్ళ బాత్‌హౌస్ రాత్రి జరుగుతుంటే ఐదుగురు మగ పోలీసులు లోపలికొచ్చి గదులన్నీ తిరిగారు. ఆ రెండో మలుపు అది చదివాక పెట్టిందే. మలుపు పోలీసుల్ని ఆపదని తెలుసు, కనీసం లోపలివాళ్ళకి ఒంటిమీద తువ్వాలు కప్పుకునే టైమైనా దొరుకుతుంది.

పోయిన ఆదివారం అమ్మకి ప్లాన్ వాట్సాప్‌లో పంపి మిగతా సగం చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత, "ఇంతమంది వస్తారంటున్నావు, తువ్వాళ్ళు ఎక్కడ ఉతుకుతార్రా?" అంది. మాట మార్చిందో, నిజంగానే అడిగిందో ఇప్పటికీ అర్థం కాలేదు.

చూస్తే నిజమే, బేస్‌మెంట్‌లో అలమరా అంత జాగా ఇచ్చాను లాండ్రీకి. రోజుకి వందమంది వస్తే, మనిషికి రెండు చొప్పున, రెండొందల తువ్వాళ్ళు. లాండ్రీని పైకి తెచ్చి వీధివైపు పెట్టాను, గోడకి ఉన్న ఒకే ఒక్క పెద్ద కిటికీ దానిదే. అరుగు మీద కూర్చుని వెనక్కి తిరిగితే ఎవరో తెల్ల తువ్వాళ్ళు మడతపెడుతూ కనిపిస్తారు.

గురువారం రివ్యూ. డ్రైయర్ల వేడిగాలి ఎటు వదలాలో ఇంకా తేలలేదు, అరుగు కిందుగా వదిలితే చలికాలం కూర్చునేవాళ్ళకి వెచ్చగా ఉంటుందని ఒక ఆలోచన, బిల్డింగ్ కోడ్ ఒప్పుకుంటుందో లేదో చూడాలి.