బిగ్ బ్రూక్ వాగులో సొరచేప పళ్ళు

న్యూజెర్సీలో ఇన్నాళ్ళుగా ఉంటున్నా ఎడిసన్ దాటి పెద్దగా తిరిగింది లేదు. మాన్‌మత్ కౌంటీలో బిగ్ బ్రూక్ వాగు సంగతి తెలిశాక మాత్రం వీలు దొరికితే అక్కడే. అడుగున గులకరాళ్ళు జల్లెడ పడితే దాదాపు 7 కోట్ల ఏళ్ళ నాటి సొరచేప పళ్ళు బయటపడతాయి. అప్పట్లో అక్కడంతా సముద్రమే మరి.

దొరకడం తేలికే, ఏది ఏమిటో పోల్చుకోవడమే అసలు పని. సన్నగా, పొడుగ్గా ఉండి లోపలి వైపు నిలువు గీతలుంటే స్కాపనోరింకస్, అంటే గాబ్లిన్ షార్క్‌కి చుట్టం. వెడల్పుగా ఉండి, అంచు మీద గోరు లాగితే గరగరమంటే స్క్వాలికొరాక్స్, అది ఇంకో రకం సొరచేప. వెలుతురుకి ఎత్తిపట్టుకుంటే తేనె రంగులో కనిపించేది బెలెమ్నైట్, స్క్విడ్ జాతి జీవి ఒంట్లోని గట్టి భాగం.

మావాడు డైనోసార్ ఎముక అని గంతులేసింది మాత్రం ఇనుము పట్టిన రాయి. ఎముకైతే విరిగిన చోట స్పాంజిలా సన్నని రంధ్రాలు కనబడాలి. వాడు ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

రోజుకి మనిషికి 5 శిలాజాలు మాత్రమే తీసుకెళ్ళాలని అక్కడి రూలు. ఏవి ఉంచుకోవాలో తేల్చుకోవడమే పెద్ద టెన్షన్. బెలెమ్నైట్లు తిరిగి వాగులోకే. నా ఓటు ఎప్పుడూ స్క్వాలికొరాక్స్‌కే.