దద్దు చూసే ముందు తేదీలు రాసుకోండి

పిల్లాడి ఒళ్లంతా సన్నటి ఎర్ర దద్దు కనిపించగానే ఇంట్లో పెద్దవాళ్లు "తట్టు (మీజిల్స్) పోసింది" అనేస్తారు. కొన్ని ఊళ్లలో పొంగు అంటారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ సరిగ్గా అలాంటి దద్దే డెంగీలోనూ వస్తుంది, వాడుతున్న యాంటీబయోటిక్ పడకపోయినా వస్తుంది. ఫోటో ఒక్కటే చూసి ఏదో తేల్చడం అనుభవమున్న డాక్టర్‌కైనా కష్టం. తేడా పట్టించేది వరస: ముందు జ్వరమా దద్దా, జ్వరం ఎన్నో రోజున దద్దు తేలింది, ఒంట్లో ఎక్కడ మొదలైంది, గత రెండు వారాల్లో ఏ మందు వేశారు. ఒక కాగితం మీద ఈ తేదీలు రాసుకుని వెళ్తే సగం పని అయినట్టే.

తట్టుకు ఒక పద్ధతి ఉంది. ముందు జ్వరం, పొడి దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడి వెలుతురు చూడలేకపోవడం. దద్దు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు టార్చి వేసి బుగ్గ లోపల, దవడ పళ్లకు ఎదురుగా చూస్తే, ఎర్రటి పొర మీద ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపించవచ్చు. ఇవి దాదాపు తట్టుకే ప్రత్యేకం, రెండు మూడు రోజుల్లో మాయమవుతాయి. మూడు నుంచి ఐదో రోజు మధ్య దద్దు చెవుల వెనక, నుదుటి మీద జుట్టు అంచున మొదలై ముఖం, మెడ, ఛాతీ మీదుగా కాళ్లకు దిగుతుంది. ఆ సమయంలో జ్వరం తగ్గదు, 104 డిగ్రీల దాకా ఎగబాకవచ్చు. దద్దు వచ్చిన వరసలోనే మాడి, గోధుమ రంగు మచ్చలు మిగిల్చి, తవుడులా పొట్టు రాలుతుంది. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు తేలిగ్గా కనపడదు. కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి, వేలితో తడమండి.

ఈ వరస తప్పిందంటే వేరే కారణం వెతకాలి. రెండేళ్లలోపు బిడ్డకు మూడు రోజులు మండిపోయే జ్వరం వచ్చి, అది దిగిపోయాక దద్దు వస్తే అది సాధారణంగా రోజియోలా అనే వైరస్ జ్వరం, దానంతటదే పోతుంది. చెవి వెనక బిళ్లలు కట్టి, తేలికపాటి జ్వరంతో మూడు రోజుల్లో పోయేది రుబెల్లా కావచ్చు. బిడ్డకు పెద్ద ప్రమాదం లేదు గానీ ఇంట్లో నెల తప్పిన ఆడవాళ్లు ఉంటే ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలి. నీటి పొక్కులైతే ఆటలమ్మ, దాని సంగతి వేరు.

మందుల దద్దునే ఎక్కువగా పొరబడతారు. అమాక్సిసిలిన్, సల్ఫా మాత్రలు, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్ మొదలుపెట్టిన నాలుగు నుంచి పద్నాలుగు రోజుల్లో ఛాతీ, వీపు మీద రెండు వైపులా సమానంగా దద్దు లేస్తుంది, దురద ఉంటుంది. "మొన్నటిదాకా పడిన మందే కదా" అని కొనసాగించడం తప్పు. డాక్టర్‌కు ఆ స్ట్రిప్ చూపించండి. నోట్లో పుండ్లు, కళ్ల మంట, చర్మం నొప్పి, బొబ్బలు వస్తే వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

డెంగీలో ఎర్రటి దద్దు మధ్య తెల్లటి చుక్కలు దీవుల్లా మిగులుతాయి. జ్వరం దిగే రోజే అసలు ప్రమాదం: కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత. అందుకే ఏ దద్దో తేలేదాకా రక్తస్రావాన్ని పెంచే బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ముట్టుకోకండి. పారాసెటమాల్ కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. సిరప్ సీసా మీద 5 మి.లీ.కి 125 ఉందా 250 ఉందా చదివి కొలవండి, అక్కడే మోతాదు రెట్టింపవుతోంది.

గాజు గ్లాసుతో దద్దు మీద గట్టిగా నొక్కి చూడండి. రంగు పాలిపోకుండా అలాగే ఉంటే చర్మం కింద రక్తం కారినట్టు. జ్వరంతో పాటు అలా ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు.

తట్టే అయితే వేపాకు మంచం దగ్గర పెట్టుకోండి, ఇబ్బంది లేదు. పత్యం పేరుతో తిండి తగ్గించడమే బిడ్డను కుంగదీస్తుంది. గంజి, పాలు, గుడ్డు, తల్లిపాలు ఆపొద్దు. వరసగా రెండు రోజులు విటమిన్ ఎ వేస్తారు: ఆరు నెలల్లోపు 50 వేల యూనిట్లు, ఆరు నుంచి పదకొండు నెలల వరకు లక్ష, ఏడాది దాటితే రెండు లక్షలు. కంటిచూపునూ ప్రాణాన్నీ కాపాడే మందిది, డాక్టర్ ఇవ్వకపోతే అడగండి. ఎగశ్వాస, చెవి చీము, ఫిట్స్ ఉంటే ఇంట్లో ఉంచకూడదు.

దద్దుకు నాలుగు రోజుల ముందు నుంచి నాలుగు రోజుల తర్వాత దాకా అంటుతుంది. అన్నాళ్లూ బడికి పంపొద్దు. టీకా పడని తోబుట్టువులకు, తొమ్మిది నెలలు నిండితే, అంటు తగిలిన 72 గంటల్లోపు ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా వేయిస్తే కాపాడవచ్చు. జ్వరంతో దద్దు కనిపించగానే ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎమ్‌కో చెప్పండి, రక్త నమూనా తీయించే ఏర్పాటు చేస్తారు. దద్దు తేలిన మొదటి మూడు రోజుల్లో తీసిన నమూనాలో తట్టు ఉన్నా బయటపడకపోవచ్చు. "లేదు" అని వస్తే నాలుగు రోజులు దాటాక మళ్లీ తీయమనండి.