వడపోతలో చూపూ కొలతా

జీవశాస్త్రం చదివి, కొంతకాలం చెరువుల నీటి పరీక్షల్లో పనిచేసి, ఇప్పుడు కంపెనీల ఖాతాలు పరిశీలిస్తున్న నాకు ఈ మూడు చోట్లా ఒకే క్రమం కనిపిస్తోంది: ముందు గుణాన్ని చూసి వడకట్టడం, ఆపైన అంకెతో తేల్చడం. ప్రయోగశాలలో గ్రామ్ స్టెయినింగ్ అనే రంగు పరీక్ష బ్యాక్టీరియాను ఊదా, గులాబీ రంగులుగా విడదీస్తుంది. ఏ యాంటీబయాటిక్ ఎంత మోతాదులో దాని పెరుగుదలను ఆపుతుందో తెలియాలంటే కొలవక తప్పదు.

చెరువు దగ్గర వ్యవహారం ఇంకా సున్నితమైనది. నీటి తేటదనాన్ని కొలిచే సెక్కీ పళ్లాన్ని నీటిలోకి దించి, అది కనుమరుగయ్యే లోతును బట్టి 1977లో కార్ల్‌సన్ ప్రతిపాదించిన పోషక స్థితి సూచీని (అంకె పెరిగేకొద్దీ నీటిలో పోషకాలూ నాచూ ఎక్కువని అర్థం) లెక్కిస్తే, 2 మీటర్లకు సుమారు 50, 1 మీటరుకు 60 వస్తుంది. అయితే నీటిని మసకబార్చేది ప్రధానంగా నాచేనన్న ఊహపై ఆ లెక్క నిలబడింది. వానల తరువాత ఒండ్రుతో ఎర్రబారిన మన చెరువులో పళ్లెం అరమీటరులోపే మాయమై సూచీ 70 దాటినప్పుడు, ఆ అంకె పోషకాల గురించి దాదాపు ఏమీ చెప్పదు. గట్టున నిలబడి నీటి రంగు చూసినవారు మాత్రం అది బురదేనని పోల్చుకుంటారు. నాచులోని ఆకుపచ్చ పదార్థమైన క్లోరోఫిల్‌ను కూడా కొలిచాకే నేను ఆ సూచీని నమ్ముతాను.

ఆల్ట్‌మన్ 1968లో రూపొందించిన, కంపెనీ దివాలా ముప్పును అంచనా వేసే జెడ్ స్కోరుదీ ఇదే పరిస్థితి. అది 1.81 కంటే తగ్గితే ప్రమాదం, 2.99 దాటితే భద్రం అంటారు గానీ, తయారీ కంపెనీల లెక్కల నుంచి పుట్టిన ఆ సూత్రాన్ని బ్యాంకులకు వర్తింపజేయడం తగదు. అందుకే ముందు వ్యాపార స్వభావాన్నీ ఆడిటర్ నివేదికనూ చదువుతాను. ఆడిటర్ కారణం చెప్పకుండా మధ్యలో తప్పుకున్న కంపెనీని స్కోరు ఎంత బాగున్నా పక్కన పెడతాను.