డ్యాజిల్ అంటే ఉత్త మెరవడం కాదు: ఎస్ఎస్‌సీ వొకాబులరీతో నా అనుభవం

ఫ్రెండ్స్, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) పెట్టే సీజీఎల్ పరీక్ష మొదటి దశ, అంటే టియర్-1లో ఇంగ్లిష్‌కి 25 ప్రశ్నలు, 50 మార్కులు. నన్ను వెనక్కి లాగింది అవే. చదవక కాదు. నోట్‌బుక్‌లో ఎడమవైపు ఇంగ్లిష్, కుడివైపు తెలుగు రాసుకుని రోజుకు ముప్పై పదాలు బట్టీ పట్టేవాణ్ణి. అందులో ఒకటి "డ్యాజిల్ - మెరయు".

ఒక మాక్ టెస్ట్‌లో లారీ హెడ్‌లైట్లకు డ్రైవర్ "డ్యాజిల్డ్" అయ్యాడని ఇచ్చి అర్థం అడిగారు. నేను "మెరిశాడు" పెట్టాను. రెండు మార్కులు పోయాయి, పైగా అర మార్కు నెగెటివ్. బాధేమిటంటే, రోజూ రాత్రి రీడింగ్ రూమ్ నుంచి వస్తుంటే ఎదురు లారీ ఫుల్ లైటుకి రోడ్డు కనిపించక, బండి పక్కకు తీసి కాలు కింద పెట్టి ఆగేవాణ్ణి. డ్యాజిల్ అంటే సరిగ్గా అదే!

డిక్షనరీలో పుట్టుక చూశాక పదం వదల్లేదు. దీని మూలం "డేజ్", అంటే దిమ్మ తిరగడం. అది స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాష నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. అక్కడ "దసస్క్" అంటే అలసిపోవడం. స్పార్క్‌కి చివర "ల్" చేరితే స్పార్కిల్ అయినట్టే, డేజ్ నుంచి డ్యాజిల్ వచ్చింది. జరిగిందే మళ్ళీ మళ్ళీ జరగడాన్ని ఆ "ల్" చెబుతుంది. మనం ధగధగ, తళతళ అని మాటనే రెండుసార్లు అంటాం కదా, అలాగన్నమాట. 15వ శతాబ్దం చివర్లో ఈ పదం మొదట కళ్ళు చెదరడానికే వాడారు. మనిషి ప్రతిభ చూసి అబ్బురపడటం అన్న అర్థం తర్వాత వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, నార్మన్ విల్కిన్సన్ అనే బ్రిటిష్ చిత్రకారుడి ఆలోచనతో ఓడలకు అడ్డదిడ్డమైన చారలు వేశారు. ఓడను దాచడానికి కాదు, అది ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో జర్మన్ సబ్‌మెరైన్‌కు అంతుపట్టకుండా చేయడానికి. దాని పేరు డ్యాజిల్ కామఫ్లాజ్. "మెరయు" అనుకుంటే ఆ పేరే అర్థం కాదు.

ఇప్పుడు పదాలను కుటుంబాలుగా రాసుకుంటున్నాను. ఎఫల్జెంట్, రిఫల్జెంట్ రెండూ లాటిన్ "ఫుల్గేరే" (మెరవడం) పిల్లలు; స్ప్లెండిడ్, రెస్‌ప్లెండెంట్ "స్ప్లెండేరే" (వెలగడం) పిల్లలు. వీటిలో వెలుగే ఉంది, చూసేవాడి కళ్ళు చెదరడం లేదు. ఆప్షన్లలో పక్కపక్కనే కనిపిస్తే ఆ తేడా చూసుకోండి. నేనైతే నోట్‌బుక్‌లో "మెరయు" కొట్టేసి "కళ్ళు బైర్లు కమ్మించు, మిరుమిట్లు గొలుపు" అని రాసుకున్నాను.