దింకినెష్ మోకాలు

అడిస్ అబాబాలో మా చెల్లెలి భర్త అధ్యాపకుడిగా పనిచేస్తున్న రోజుల్లో, అమ్మను వెంటబెట్టుకుని అక్కడ పది రోజులు గడిపాను. సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైగా ఎత్తున్న ఊరు కావడంతో మొదటి రెండు రోజులూ నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. మూడో రోజు ఉదయం ఇథియోపియా జాతీయ మ్యూజియానికి వెళ్లాం. మనిషి తొలి పూర్వీకుల్లో ఒకరిగా చెప్పే లూసీ అస్థిపంజరాన్ని చూడాలని ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్నాను, అందుకోసమే నేను నేరుగా కింది అంతస్తుకు దారితీశాను. మోకాళ్ల నొప్పులున్న అమ్మ గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది.

1974 నవంబరు 24న అఫార్ ప్రాంతంలోని హడార్‌లో పరిశోధకులు డొనాల్డ్ జొహాన్సన్, టామ్ గ్రే ఈ ఎముకలను గుర్తించారు. ఆ రాత్రి శిబిరంలో మోగిన పాటను బట్టి లూసీ అన్నారు. అమ్హారిక్ భాషలో ఆమె పేరు దింకినెష్, అంటే 'నువ్వు అద్భుతం' అని. నాకు ఈ పేరే నచ్చింది. సుమారు 32 లక్షల ఏళ్ల కిందటి ఆ అస్థిపంజరంలో దాదాపు 40 శాతం దొరికింది. ప్రదర్శనలో పెట్టింది అచ్చు తీసిన నమూనా. అసలు ఎముకలను విడిగా భద్రపరిచారు. "ఇంత చిన్నపిల్లా?" అంది అమ్మ. ఎత్తు 3.5 అడుగులే అయినా, జ్ఞానదంతం వచ్చిన వయసు ఆమెదని చెప్పాను.

తొడ ఎముక దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చింపాంజీకి అది తుంటి నుంచి తిన్నగా కిందికి దిగుతుంది కనుక, రెండు కాళ్ల మీద నడిస్తే ఒళ్లంతా పక్కలకు ఊగుతుంది. మనకు అది లోపలికి వాలి, మోకాలిని శరీరపు బరువు కిందికి చేరుస్తుంది. లూసీకీ అలాగే వాలి ఉంది. ఆమె కటి ఎముకలు చింపాంజీవాటిలా పొడవుగా, ఇరుకుగా కాక, పొట్టిగా పక్కలకు విచ్చుకుని ఉన్నాయి. ఒక కాలు ఎత్తినప్పుడు మనం పక్కకు ఒరిగిపోకుండా నిలబెట్టే కండరాలు పట్టు దొరకబుచ్చుకునేది ఆ విచ్చుకున్న చోటే. చేతులు మాత్రం పొడవు, వేళ్ల ఎముకలు వంపు తిరిగినవి. చెట్లెక్కడం ఇంకా మానలేదని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఆమె జాతి మెదడు మన మెదడులో మూడో వంతే. తెలివి పెరిగాకే మనిషి లేచి నిలబడ్డాడని చిన్నప్పటి నుంచి అనుకున్న నాకు, నడకే ఎంతో ముందు వచ్చిందన్న సంగతి ఆ ఎముకల ఎదుట నిలబడ్డాక గాని మనసుకు ఎక్కలేదు. టాంజానియాలోని లేటోలిలో 1978లో బయటపడ్డ పాదముద్రలు ఇంతకన్నా పాతవి, సుమారు 36 లక్షల ఏళ్లవి. అగ్నిపర్వతపు బూడిదలో పడ్డ ఆ అడుగుల్లో మడమ ముందుగా ఆనిన గుర్తు స్పష్టంగా ఉంది.

తిరిగి మెట్లెక్కుతూ అమ్మ మధ్యలో ఆగి, "ఆవిడకూ నొప్పులుండేవా?" అని అడిగింది. లూసీ వెన్నుపూసల్లో వ్యాధి ఆనవాళ్లు కనిపించాయని చెప్పాను. "పాపం, నడుమన్నమాట" అంటూ మోకాలి మీద చెయ్యి ఆన్చి పై మెట్టు ఎక్కింది.